పుప్పొడి రేణువు మీద నాగటి చాలు

మా ఊరు తాటిపాక. పేరులో తాటి ఉన్నా మా గట్ల మీద ఉన్నది కొబ్బరే. వృక్షశాస్త్రం తరగతిలో ‘సల్కేట్’ అన్న మాట వస్తే అందరిలా నేనూ బట్టీ పట్టాను. లాటిన్‌లో ‘సల్కస్’ అంటే నాగటి చాలని మేష్టారు చెప్పినప్పుడు మాత్రం నవ్వొచ్చింది. మా నాన్నగారి పనికి ఇంత పేరా! గింజ గాని, నత్తగుల్ల గాని, పొడవునా గాళ్ళు పడి ఉంటే ఈ మాటే వాడతారు.

కొబ్బరి పుప్పొడి రేణువుకు చాలు ఒక్కటే. ఆవపువ్వు రేణువుకు మూడు. పూలమొక్కల శిలాజ రేణువుల్లో మిక్కిలి పాతవి, సుమారు 13 కోట్ల ఏళ్ళ నాటివి, ఒంటి చాలువే. ఇది కళ్ళారా చూడాలని మా చెట్టు మగపూలు పొట్లం కట్టి తెచ్చాను. స్లైడు మీద నీటిబొట్టు వేసి చూస్తే అన్నీ గుండ్రంగా ఉబ్బిన రేణువులే, గాడి ఆనవాలు లేదు. పుస్తకమే తప్పనుకున్నాను. “పొడిగా చూడవోయ్” అన్నారు మేష్టారు. చూస్తే ఏముంది, అచ్చం గోధుమ గింజ! కోలగా, నడుమ గీత పడి.

చాలు దగ్గర రేణువు పైగోడ పలచన. ఎండకు తడి తగ్గేకొద్దీ అది లోపలికి ముడుచుకుని అంచులు దగ్గరపడతాయి. లోపలి నీరు తొందరగా ఆవిరైపోదు. ఆడపువ్వు కీలాగ్రం మీది తడి తగిలాక ఉబ్బి తెరుచుకుంటుంది. పుప్పొడి నాళం బయటికొచ్చేదీ అక్కడినుంచే.

“దీనివల్ల మనకేంట్రా?” అన్నారు నాన్న. 1996 నవంబరు తుపానుకు తాతగారి తోట పడిపోయాక మళ్ళీ నాటిన చెట్లు మావి. ఆయన అడగడంలో న్యాయముంది. అంబాజీపేట పరిశోధన స్థానం వారి గోదావరి గంగ సంగతి చెప్పాను. తల్లి ఈస్ట్ కోస్ట్ టాల్, తండ్రి గంగబొండం. తల్లిచెట్టు గెలలో మగపూలు ముందే తీసేసి, ఆరబెట్టిన గంగబొండం పుప్పొడి చల్లుతారు. ఆరినా రేణువు బతికి ఉందంటే ముడుచుకున్న ఆ చాలు చలవ కూడా కొంత ఉంది.

“అయితే ఆ చెట్టు కాయలే విత్తనం పెట్టుకోవచ్చు గదా?”

“కుదరదు నాన్నా. మొలిచింది తల్లిలాగే కాస్తుందన్న భరోసా లేదు.”

అప్పటికే పెరట్లో నాలుగు కాయలు పెట్టేశారట! కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మరి వరికెన్ని చాళ్ళురా?” అన్నారు.

“ఒక్కటీ లేదు. చిన్న చిల్లుంటుందంతే.”

“ఏడాదికి రెండుసార్లు దున్నేది దానికోసమే గదరా!”