డిసెంబర్ 31 తీర్మానం మార్చి దాటాలంటే

ఆల్ నైట్ ప్రేయర్. పన్నెండు కొట్టగానే హ్యాపీ న్యూ ఇయర్. చేతిలో వాగ్దానం కార్డు. "ఈ ఏడాది ప్రభువు కోసమే బతుకుతాను" అని కన్నీళ్లతో తీర్మానం.

ఆ కన్నీళ్లు నిజమైనవే. మరి సంక్రాంతి సెలవులు అయిపోయేసరికి బైబిల్ మళ్లీ బీరువా ఎక్కేస్తోంది, ఎందుకు?

మీరు తీర్మానం చేశారు. టైమ్ పెట్టలేదు. అంతే! లోపం ఎక్కడుందో మీ విశ్వాసంలో వెతక్కండి. మీ రోజులో వెతకండి.

దానియేలును చూడండి. దేవునికి ప్రార్థన చేస్తే సింహాల గుహే అని శాసనం వచ్చింది. ఆయన కంగారు పడలేదు, కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు. ఎప్పటిలాగే పైగదికి వెళ్లాడు. యెరూషలేము వైపు కిటికీలు తెరిచే ఉన్నాయి. రోజుకు మూడుసార్లు మోకరించాడు. ఆపద వచ్చిన రోజు ఆయన్ని నిలబెట్టింది అంతకుముందున్న అలవాటే. పైగా ఆయన ఖాళీగా ఉన్న మనిషా? రాజ్యం మొత్తానికి ఉన్న ముగ్గురు ప్రధానుల్లో ఒకడు! టైమ్ లేదని మీరంటే నేను ఒప్పుకోను.

కాబట్టి ముందు టైమ్, చోటు ఫిక్స్ చేయండి. "పొద్దున్నే చదువుతాను" అంటే చాలదు. "స్టవ్ మీద పాలు పెట్టకముందు, హాల్లో కిటికీ పక్క కుర్చీలో" అని పెట్టుకోండి. ఫోన్ వేరే గదిలో ఉంచండి. యాప్‌లో కీర్తన చదువుతుంటే పైనుంచి వాట్సాప్ మెసేజ్ దిగుతుంది. పుస్తకమే పట్టుకోండి.

తక్కువతో మొదలుపెట్టండి. బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడుకు పైనే చదవాలి. ఉత్సాహంగా ఆదికాండము, నిర్గమకాండము దాటేసి, లేవీయకాండము బలుల దగ్గర ఆగిపోయి, ఆ సిగ్గుతో మొత్తమే మానేసినవాళ్లు ఎంతమందో! మార్కు సువార్త తీయండి. 16 అధ్యాయాలే. తర్వాత సామెతలు. 31 అధ్యాయాలు, తారీఖుకొకటి.

ఇప్పుడు అసలు పరీక్ష: చదివింది సోమవారం మీ పనిలో కనబడాలి.

జక్కయ్య "ఇకపై మంచిగా ఉంటాను" అని ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అని లెక్క చెప్పాడు. మీరూ లెక్క చెప్పండి:

- పనమ్మాయి జీతం ఒకటో తారీఖునే ఇస్తాను.
- నా షాపులో తూకం తగ్గదు.
- తమ్ముడితో మాటలు ఆగిపోయాయి, ఈ ఆదివారం లోపు నేనే ఫోన్ చేస్తాను.

ఒకరోజు తప్పిందా? "వచ్చే నెల నుంచి చూద్దాం" అనకండి. ఆ రాత్రే, ఐదు నిమిషాలైనా సరే, మోకరించండి. ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురుకు, తిబెరియ సముద్రం ఒడ్డున ప్రభువు మూడుసార్లు పని అప్పగించాడు. మీకు మరో అవకాశం ఇవ్వడా?

ఇక అన్నిటికన్నా బలమైన సాధనం: మిమ్మల్ని అడిగే మనిషి.

1742లో బ్రిస్టల్‌లో, మందిరం అప్పు తీర్చడానికి మెథడిస్టులు వారానికో పెన్నీ వేసుకున్నారు. సుమారు పన్నెండు మందికి ఒక లీడర్. డబ్బులకని ఇంటింటికీ వెళ్తే ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాల గొడవ, ఇంకో చోట తాగి ఉన్న మనిషి కనబడ్డారు. వాళ్ల నాయకుడు జాన్ వెస్లీకి వెంటనే తట్టింది: ఈ లీడర్లు పెన్నీతో పాటు మనుషుల బాగోగులూ అడగాలి. 'క్లాస్ మీటింగ్' అనే పద్ధతి అలా పుట్టింది. ఎక్కడో ఇంగ్లండ్ సంగతి అనుకోకండి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మన మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ కూడా వెస్లియన్ మిషనరీయే.

మీకు పన్నెండు మంది అక్కర్లేదు. ఒక్కరు చాలు. మొహమాటం లేకుండా అడిగేవారై ఉండాలి. మిమ్మల్ని పొగిడే మనిషి దీనికి పనికిరారు. ఈ రాత్రే ఫోన్ చేయండి. "బ్రదర్, ప్రతి శనివారం సాయంత్రం నన్ను మూడు ప్రశ్నలు అడగాలి" అనండి.

ఈ వారం ఎన్ని రోజులు చదివావు? ఎవరిని బాధపెట్టావు, సరిచేసుకున్నావా? నేను అడగకూడదని నువ్వు కోరుకుంటున్నది ఏంటి?

మూడో ప్రశ్న దగ్గర మాట ఆగితే ఫోన్ పెట్టేయొద్దు. అక్కడే, లైన్‌లోనే, ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోండి.