కడపటి మాటకు ముందు కామా

విద్యార్థులారా, ఇంగ్లీషున మూడు నాలుగు వస్తువులను వరుసగా చెప్పునప్పుడు కడపటి "అండ్"కు ముందు కామా ఉంచవలెనా, మానవలెనా యని మీలో పలువురు అడుగుచున్నారు.

మన తెలుగునకు ఈ చిక్కు లేదు. "పలకయు బలపమును పుస్తకమును" అనినచో ప్రతి మాటయు తన సముచ్చయమును తానే మోయుచున్నది. ఇంగ్లీషునందు ఒక్క "అండ్" కడపట వచ్చి వరుసనంతటిని కట్టవలెను. అందుచేత అచ్చట కామాపై భారము పడుచున్నది. "మై బ్రదర్స్, పీటర్ అండ్ జాన్" అని వ్రాసినచో పీటరు, జాను అనువారే సోదరులని తోచును. "అండ్"కు ముందు కామా ఉంచినచో సోదరులు వేరు, వీరిరువురు వేరు. అయినను కామా సర్వరోగనివారిణి కాదు. "మై బ్రదర్, పీటర్, అండ్ జాన్" అనునప్పుడు పీటరు సోదరుడో, మరియొకడో తెలియరాదు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ఈ కామాను ఉంతురు. దీనికి ఆక్స్‌ఫర్డ్ కామా యను పేరు అందువలననే కలిగినది. అమెరికాలోని అసోసియేటెడ్ ప్రెస్ వారు సామాన్యమైన వరుసలలో విడుతురు.

ఎర్రసిరా గీతకు మించిన నష్టము దీనివలన కలుగవచ్చును. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర శాసనము, వారమునకు 40 గంటలకు మించి పనిచేసినవారికి ఆ మించిన గంటలకు ఒకటిన్నర రెట్లు కూలి ఇయ్యవలెనని విధించి, చెడిపోవు ఆహారపదార్థములకు సంబంధించిన కొన్ని పనులను మినహాయించినది. ఆ పట్టిక చివర "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని, "ఆర్"కు ముందు కామా లేక, ఉండెను. ఓక్‌హర్స్ట్ డెయిరీ బండ్ల డ్రైవర్లు తాము సరకు పంచువారమేగాని ప్యాకు చేయువారము కామని వ్యాజ్యము వేసిరి. అదే మాటను తెలుగున "రవాణాకో పంపిణీకో ప్యాకు చేయుట" యనిన ఒక పని. "రవాణాకు ప్యాకు చేయుటయో, పంపిణీ చేయుటయో" యనిన రెండు. మన విభక్తియే తగవు తీర్చియుండును!

2017 మార్చిలో బోస్టనులోని అప్పీలు న్యాయస్థానము, ఆ వాక్యము సందిగ్ధమనియు, దానిని పనివారికి అనుకూలముగా గ్రహింపవలెననియు నిర్ణయించెను. 2018లో యాజమాన్యము 50 లక్షల డాలర్లకు రాజీపడెను. వింత యేమనగా, అట్టి కామా వలదని చెప్పినది ఆ రాష్ట్రపు శాసనరచనా నియమావళియే. పిమ్మట శాసనసభవారు ఆ పట్టికను సెమీకోలన్లతో తిరిగి వ్రాసిరి.

మీరు కామా ఉంచుటయే మేలని నా యభిప్రాయము. ఒకచోట ఉంచి వేరొకచోట విడువకుడు. ఉంచినను సందేహము మిగిలినచో వరుసను మార్చుడు. పీటరును జానును ముందు వ్రాసి, "మై బ్రదర్స్" అనుదానిని చివరకు త్రోసినచో ఎవరెవరో చదువరికి వెంటనే తెలియును.