నూగు

విశాఖపట్నం నుండి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు అనంతగిరి మీదుగా సాగుతుంది. తూర్పు కనుమలలోని ఈ ప్రాంతంలో కొండబూరుగు చెట్లు శీతాకాలం చివర ఆకులు రాల్చి ఎర్రని పూలు పూస్తాయి. వేసవిలో కాయలు పగిలి దూది గాలిలో తేలుతుంది. ఆ పింజ అరచేతిని తాకినప్పుడు కలిగే స్పర్శను ఆంగ్లంలో ‘డౌనీ’ అనే ఒక్క విశేషణం తెలుపుతుంది.

ఈ మాటను తెలుగు చేయబోయిన విద్యార్థి రెండు చోట్ల పొరబడవచ్చు. ‘డౌన్’ అనగానే ‘కింద’ అనే అర్థం స్ఫురిస్తుంది. కాని ఈ ‘డౌన్’ వేరు. ప్రాచీన నార్స్ భాష నుండి వచ్చిన ఈ పదం బాతు, హంస వంటి పక్షుల పై ఈకల అడుగున ఉండే సన్నని ఈకలకు పేరు. పై ఈకలోని పోగులు కొక్కేల వలె ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. అడుగు ఈకలకు ఆ పట్టు లేదు. అందుచేత అవి విచ్చుకొని, గాలిని నిలుపుకొని, పక్షికి వెచ్చదనాన్ని ఇస్తాయి. రెండవ పొరపాటు, ‘మృదువైన’ అని రాసి ఊరుకోవడం. వెన్న మృదువే, పట్టూ మృదువే. అవి డౌనీ కావు.

తెలుగులో దీనికి సరితూగే మాట ‘నూగు’. లేత సొరకాయ మీద ఉండేది నూగు. యౌవనం తొలినాళ్లలో పెదవిపై మొలిచేది నూగుమీసం. అది మరీ లేతదైతే మొదటి అక్షరాన్ని రెట్టించి ‘నూనూగు’ అంటారు. ఇంత సుకుమారమైన మాట ఉండగా దానిని వదులుకోవడం భాషకు నష్టమే. కావ్యాలలో రాజులు హంసతూలికా తల్పాలపై శయనిస్తారు. పల్లె ఇళ్లలో తలగడలకు మాత్రం బూరుగు దూదే గతి. దాని పోగు పొట్టిది, నున్ననిది. నూలు వడకడానికి పనికిరాదు కనుకనే తలగడలోనికి చేరింది.

ఈ విశేషణం పొలంలో అడుగుపెట్టినప్పుడు సుకుమారం మాయమవుతుంది. దోస, బీర, ద్రాక్ష ఆకులకు సోకే ‘డౌనీ మిల్డ్యూ’ను తెలుగులో బూజు తెగులు అంటారు. ఆకు అడుగున నూగు వంటి బూజు కనిపిస్తుంది. పైభాగాన పసుపు మచ్చలు ఏర్పడతాయి. ‘పౌడరీ మిల్డ్యూ’ బూడిద తెగులు. అది ఎక్కువగా ఆకు పైన తెల్లని పొడి చల్లినట్లు ఉంటుంది. ఈ రెండింటికి కారణమైన జీవులు వేరు, వాడవలసిన మందులూ చాలావరకు వేరు. అనువాదకుడు రెండింటినీ ‘బూజు’ అనే రాస్తే, రైతు ఒక తెగులుకు మరొక దాని మందు చల్లే ప్రమాదముంది. నూగు కోసం ఆకును తిప్పి చూడాలి.