హంతకుడెవరు? ఎందుకు? — ఒక స్వీడిష్ నేరకథా చిత్ర పరిశీలన

అపరాధ పరిశోధన సాహిత్యం మనకు కొత్త కాదు. ఉర్దూ పాఠకులు ఇబ్నె సఫీ సృష్టించిన ఫరీదీ, హమీద్‌లను, తెలుగు పాఠకులు కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను ఆప్యాయంగా చదువుకున్నారు. ఇట్టి కథలను సాధారణంగా నడిపించే ప్రశ్న ఒక్కటే: హంతకుడెవరు? జవాబు దొరకగానే ఉత్కంఠ తీరుతుంది, పుస్తకం మూతపడుతుంది. అయితే ఐరోపా ఖండపు ఉత్తర కొసన ఉన్న నార్వే, స్వీడన్, డెన్మార్క్ దేశాలలో ఈ ప్రక్రియ మరొక దారి పట్టింది. అక్కడ "ఎవరు" అన్న ప్రశ్నకంటె "ఎందుకు" అన్న ప్రశ్నకు ప్రాముఖ్యం హెచ్చు. స్కాండినేవియా నేరకథా చిత్రాల ఆకర్షణకు మూలం ఈ రెండవ ప్రశ్నలోనే ఉన్నదని చెప్పవచ్చును. ఇందుకు ఉదాహరణగా బో వీడెర్‌బెర్గ్ దర్శకత్వాన 1976లో వెలువడిన స్వీడిష్ చిత్రం 'మన్నెన్ పో తాకెత్', అనగా 'కప్పు మీది మనిషి'ని పరిశీలిద్దాము.

నేపథ్యం

ఈ చిత్రానికి ఆధారం 1971 నాటి ఒక నవల. రచయితలు జీవిత సహచరులైన మై షోవాల్, పెర్ వాలో. వీరిద్దరూ కలసి 1965 నుండి 1975 వరకు స్టాక్‌హోం పోలీసు అధికారి మార్టిన్ బెక్ ప్రధాన పాత్రగా పది నవలలు వ్రాశారు. పదింటికీ కలిపి వారు పెట్టిన ఉపశీర్షిక 'ఒక నేరపు నవల'. వామపక్ష భావాలు గల ఆ రచయితల దృష్టిలో ఆ నేరం ఒక వ్యక్తి చేసిన హత్య మాత్రమే కాదు. సంక్షేమ రాజ్యమని పేరుపొందిన తమ దేశం బలహీనుల పట్ల చూపిన ఉపేక్ష కూడా నేరమే. వాలో 1975లోను, షోవాల్ 2020లోను మరణించారు. వారు వేసిన బాటలో తరువాతి తరాల రచయితలు ఎందరో నడిచారు.

కథాసంగ్రహం

ఒక రాత్రి ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న స్టిగ్ నీమన్ అనే పోలీసు అధికారిని ఎవరో బాయినెట్టుతో దారుణంగా చంపుతారు. దర్యాప్తు మొదలుపెట్టిన బెక్ బృందానికి మృతుని గురించి వినిపించే మాటలు మంచివి కావు. అతడు క్రూరుడు. అతనిపై పౌరులు పెట్టుకున్న ఫిర్యాదులు పాత దస్త్రాలలో ఉన్నాయి. చర్య మాత్రం లేదు. ఆ కాగితాల వెంటనే నడచి దర్యాప్తు ఓకె ఎరిక్సన్ అనే మాజీ పోలీసును చేరుతుంది. మధుమేహ వ్యాధిగ్రస్తురాలైన అతని భార్య ఒకనాడు ఇన్సులిన్ అందక స్పృహ తప్పగా, తాగి పడిపోయినదని భావించి పోలీసులు ఆమెను లాకప్పులో పెట్టారు. ఆమె అక్కడే మరణించింది. ఇందుకు నీమన్ బాధ్యుడని అతని విశ్వాసం. నీమన్‌ను చంపిన పిమ్మట అతడు తుపాకులతో స్టాక్‌హోంలోని ఒక ఎత్తైన భవనం కప్పు మీదికెక్కి, కనబడిన పోలీసులపై కాల్పులు సాగిస్తాడు. పోలీసు హెలికాప్టరు జనసమ్మర్దమైన ఓడెన్‌ప్లాన్ కూడలిలో కూలుతుంది. ఒంటరిగా పైకెక్కబోయిన బెక్ గుండు దెబ్బ తింటాడు.

ఆకర్షణకు కారణాలు

మొదటిది, వాస్తవికత. అంతకు ముందు 'ఎల్వీరా మాదిగాన్' (1967) వంటి కవితాత్మక ప్రేమకథను తీసిన వీడెర్‌బెర్గ్ ఇక్కడ నగరపు నిజమైన వీధులలోకి కెమెరాను తీసుకువెళ్ళాడు. హాస్యనటుడుగా ప్రసిద్ధుడైన కార్ల్-గుస్తాఫ్ లిండ్‌స్టెట్‌ను బెక్ పాత్రకు ఎన్నుకున్నాడు. అలసిన ముఖంతో, నెమ్మదైన నడకతో కనబడే ఈ బెక్ అసాధారణ వీరుడు కాడు. ఉద్యోగధర్మం విడువని సామాన్యుడు.

రెండవది, నైతిక సంక్లిష్టత. ఎరిక్సన్ దుఃఖం మన హృదయాన్ని కలచివేస్తుంది. కాని అతని తూటాలకు కూలిన పోలీసులకు ఆ భార్య మరణంతో ఏ సంబంధమూ లేదు. బాధితుడే హంతకుడైనప్పుడు అతనిని సమర్థించలేము, అతని గోడును తోసిపుచ్చనూ లేము. ప్రేక్షకుడు ఈ రెంటి నడుమ నలుగుతాడు.

మూడవది, అత్యంత ముఖ్యమైనది: వినబడని ఫిర్యాదు. అధికారులపై పౌరుల ఫిర్యాదులను విచారించే అంబుడ్స్‌మన్ పదవిని స్వీడన్ 1809లోనే నెలకొల్పింది. మన దేశంలో లోక్‌పాల్, లోకాయుక్త సంస్థల ఆలోచనకు స్కాండినేవియా దేశాల ఈ వ్యవస్థయే ఆదర్శం. ఆంధ్రప్రదేశ్‌లో లోకాయుక్త చట్టం 1983లోను, కేంద్రంలో లోక్‌పాల్ చట్టం 2013లోను వచ్చాయి. అట్టి సంస్థకు పుట్టినిల్లయిన దేశంలోనే ఫిర్యాదు దస్త్రంలో నిద్రపోతే ఏమి జరుగునో ఈ కథ చూపుతుంది. సంస్థ ఉండడం వేరు, అది వినడం వేరు.

చీకటి ఎక్కడ ఉన్నది?

ఈ చిత్రాల చీకటికి అక్కడి దీర్ఘమైన శీతాకాలపు రాత్రులే కారణమని కొందరంటారు. ఇది పాక్షిక సత్యమే. ఎరిక్ షోల్డ్‌యార్గ్ తీసిన నార్వే చిత్రం 'ఇన్‌సోమ్నియా' (1997) అర్ధరాత్రి కూడ సూర్యుడస్తమించని ప్రాంతంలో నడుస్తుంది. పొగమంచులో తోటి అధికారిని పొరపాటున కాల్చి, నిజం దాచిన పరిశోధకునికి ఆ ఎడతెగని వెలుగే నిద్ర లేకుండా చేస్తుంది. చీకటి ఆకాశంలో లేదు, అంతరాత్మలో ఉన్నదన్నమాట. అట్లే స్టిగ్ లార్సన్ మరణించిన మరుసటి సంవత్సరం, 2005లో, అచ్చయిన నవలకు 'స్త్రీలను ద్వేషించే పురుషులు' అన్నది స్వీడిష్ పేరు. నీల్స్ ఆర్డెన్ ఓప్లెవ్ 2009లో దానిని చిత్రంగా తీశాడు. 'డ్రాగన్ పచ్చబొట్టు పిల్ల' అన్న అర్థం వచ్చే ఆంగ్ల శీర్షిక మన చూపును కథానాయికపైకి మరల్చింది. మూల శీర్షిక మాత్రం సూటిగా నేరాన్నే పేర్కొన్నది.

ఒక ఆక్షేపణ

ఇట్టి చిత్రాలలో హింస మితిమీరినదనే విమర్శ కలదు. లార్సన్ కథలో స్త్రీపై జరిగే అత్యాచార దృశ్యాలు చూడనలవి కానివి. హింసను కేవలం ఉద్రేకం కోసం చూపడం గర్హనీయమే. దానిని వేరుపరచడానికి ఒక కొలమానమున్నది: రక్తం చూపిన చిత్రం ఆ రక్తానికి దారితీసిన కారణాన్ని కూడ చూపినదా, లేదా? ఈ పరీక్షలో వీడెర్‌బెర్గ్ చిత్రం నెగ్గుతుంది. అక్కడ హత్యాదృశ్యం కొన్ని క్షణాలది. దాని మూలాన్ని వెదకడం మిగిలిన కథలో పెద్ద భాగం.

ముగింపు

విద్యార్థులలో కొందరు రేపు పోలీసులు, న్యాయవాదులు, వైద్యులు, కార్యాలయ గుమాస్తాలు కాగలరు. వారి బల్లపైకి ఏదో ఒకనాడు ఒక సామాన్యుని ఫిర్యాదు వస్తుంది. దానిపై "చర్య అవసరం లేదు" అని వ్రాయడానికి ఒక నిమిషం చాలును. లాకప్పులో పడిన ఆ స్త్రీకి కావలసినది ఒక సూదిమందు, ఆమె తాగలేదని గ్రహించగల ఒక్క మనిషి. ఆ రెండూ దొరికి ఉంటే కప్పు మీదికి ఎవరూ ఎక్కవలసిన పని ఉండేది కాదు.