ఒక్కరే ఓడెక్కితే

ప్రశ్న: ఈమధ్యే రిటైరయ్యాను. మధ్యధరా సముద్రంలో క్రూయిజ్‌కు ఒక్కదాన్నే వెళ్లాలని ఉంది. డబ్బు దండగ అంటున్నారు మా ఇంట్లోవాళ్లు. నిజమేనా?

జవాబు: దండగ కాదు, గది సరిగ్గా ఎంచుకుంటే. ఓడ టికెట్ ధరను గదికి ఇద్దరన్న లెక్కతో తలకింతని చెబుతారు. ఒక్కరే ఉంటే రెండో మనిషి ఛార్జీలో చాలా భాగం, ఒక్కోసారి మొత్తం మీ మీదే పడుతుంది. మీవాళ్ల అభ్యంతరానికి ఆ మేరకు బలముంది. అయితే 2010లో వచ్చిన ‘నార్వేజియన్ ఎపిక్’ ఓడలో ఒంటరి ప్రయాణికుల కోసమే 128 చిన్న గదులు, వాళ్లు కలిసి కూర్చునే లాంజ్ పెట్టారు. తర్వాత మరికొన్ని కంపెనీలూ ఆ బాట పట్టాయి. ఎపిక్‌లోని ఆ గదులకు సముద్రం వైపు కిటికీ ఉండదు. పగలంతా డెక్ మీదో ఊళ్లోనో గడిపేవారికి అదేమంత లోటు కాదు. బార్సిలోనా, రోమ్, నేపుల్స్ విడిగా చూడాలంటే ఊరూరా హోటల్ మారుతూ పెట్టెలు మోయాలి. ఓడలో పెట్టె ఒక్కసారి విప్పితే చాలు. భోజనానికి నలుగురితో కలిసి కూర్చునే బల్ల కావాలని అడగండి, సాయంత్రాలు వెలితిగా ఉండవు.

రేవులో తోడెవరుంటారన్నది అసలైన సందేహం. రోమ్‌కు దిగే చివిటవెక్కియా రేవు నుంచి నగరం సుమారు గంట ప్రయాణం. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడవాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే ఆగుతుంది. కనుక రోమ్‌కు వాళ్ల టూరే తీసుకోండి, ఖరీదైనా సరే. నేపుల్స్ రేవు ఊరిని ఆనుకునే ఉంటుంది, అక్కడ నడిచి తిరగొచ్చు. దారిలో టర్కీలోని కుషాదసీ వంటి, షెంగెన్ దేశాల బయటి రేవుంటే, షెంగెన్ వీసా ఒకటికి మించి ప్రవేశాలకు చెల్లేలా తీసుకోండి.