దుబాయి వెళ్తున్న మేనకోడలికి

జగిత్యాల



నీకు దుబాయిలో అకౌంట్స్ ఉద్యోగం ఖాయమైందని, వచ్చే నెలలోనే ప్రయాణమని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాకు చాలా సంతోషంగా ఉంది బిడ్డా. ఏజెంటు చేతిలో లక్షలు పోసి కాకుండా, నీ చదువు చూసి పిలిచిన ఉద్యోగానికి పోతున్నావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను, ఒకటికి రెండుసార్లు చదువుకో.

దుబాయిలో నేను చేసింది మందూబ్ పని. కంపెనీ తరఫున లేబర్ ఆఫీసుకు, ఇమిగ్రేషన్‌కు, టైపింగ్ సెంటర్‌కు తిరిగే మనిషినన్నమాట. కార్మికుల్లో ఎవరినైనా పోలీసులు తీసుకుపోతే ముందు ఉరకాల్సింది కూడా మందూబే. అట్లా పోయి చూసినవాళ్ళలో దొంగలు, దుర్మార్గులు తక్కువ. ఎక్కువమంది ఊళ్ళో ఏది చేసేవాళ్ళో అక్కడా అదే చేసినవాళ్ళు. ఒకడు పక్కింటివాళ్ళ సంచి మోశాడు. ఒకడు దోస్తుకు తన పేరు మీద సిమ్ తీసిచ్చాడు. ఒకడు కోపంలో వాట్సాప్‌లో నాలుగు మాటలు తిట్టాడు. వీళ్ళలో చాలామందిని జైలు గడప ఎక్కించింది మొహమాటం. కాదంటే ఏమనుకుంటారో అన్న మొహమాటం. ఆ దేశపు చట్టాలు కఠినమైనవని అందరూ చెబుతారు. వాటికి మనవాళ్ళు ఎక్కువగా దొరికిపోయేది ఈ గుణం వల్లేనని నా గట్టి నమ్మకం.

ముందు నీ పెట్టె సంగతి. మీ అమ్మ మసాలా నూరి డబ్బాలో పోసి ఇస్తుంది. అందులో గసాలు వద్దని గట్టిగా చెప్పు. గసాలంటే నల్లమందు మొక్క గింజలే. మన కిరాణా కొట్లో తూకం వేసి అమ్మే సరుకు ఎమిరేట్స్‌లో నిషిద్ధం. పొడి కొట్టి కలిపినా అంతే. పాన్ సామాను, తమలపాకులతో సహా, నిషేధపు జాబితాలోనే ఉంది. శుక్రవారం పూజకు పనికొస్తాయని నాలుగు ఆకులు తడిగుడ్డలో చుట్టి పెడుతుందేమో, చూసుకో.

ఇంత చిన్నదానికా అనుకోకు. 2008లో ఒక బ్రిటిష్ ప్రయాణికుడి బూటు అడుగున అంటుకుని ఉన్న 0.003 గ్రాముల గంజాయికి దుబాయి కోర్టు నాలుగేళ్ళ శిక్ష వేసింది. అప్పటి చట్టంలో కనీస శిక్షే అంత. ఆ తర్వాత క్షమాభిక్ష దొరికి ఆయన ఇల్లు చేరాడు. 2016లో ఆ కనీస శిక్షను రెండేళ్ళకు తగ్గించారు. 2021లో వచ్చిన కొత్త చట్టంతో, వాడుతూ మొదటిసారి పట్టుబడినవాళ్ళకు మూడు నెలల జైలుతోనో జరిమానాతోనో పోయే వీలు కలిగింది. చట్టం మెత్తబడింది, నిజమే. కానీ ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా లోపల కూర్చునేది మనమే కదా.

మందులు ఇంకా ముఖ్యం. ట్రమడాల్ కలిసిన నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు అక్కడ నియంత్రణలో ఉన్నవి. ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోకుండా, డాక్టర్ చీటీ లేకుండా ఒక్క స్ట్రిప్ కూడా పెట్టుకోవద్దు. ఆర్ఎంపీ డాక్టర్ కత్తిరించి కాగితంలో చుట్టిచ్చే మాత్రల మీద పేరు కూడా ఉండదు. అవి అసలే వద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రయాణం ముందు రోజు సాయంత్రం మీ ఇంటికి జనం వస్తారు. మా పిలగాడు అల్ ఖూజ్‌లో ఉంటడు, ఈ పచ్చడి సీసా, రెండు డ్రెస్సులు, నడుం నొప్పి మాత్రలు తీసుకపో బిడ్డా అంటారు. వాళ్ళు నిన్ను ఎత్తుకుని పెంచినవాళ్ళే కావచ్చు. మూట కట్టి, కుట్లు కూడా వేసి తెస్తారు. విప్పి చూస్తే నమ్మకం లేదనుకుంటారని మనం విప్పం. నువ్వు ఎవరి మూటా తీసుకోకు. కాదనడానికి నోరు రాకపోతే నా పేరు చెప్పు. మా మామయ్య ఒప్పుకోడు అను. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.

మా లేబర్ క్యాంపులో ఒక తాపీ మేస్త్రీ ఉండేవాడు. సెలవు మీద ఊరికొచ్చి తిరిగి పోతూ, రూమ్‌మేటు కోసం వాళ్ళ ఇంటివాళ్ళు ఇచ్చిన మాత్రలు పెట్టెలో వేసుకున్నాడు. ఎయిర్‌పోర్ట్‌లో ఆపారు. నేను పోయేసరికి బల్ల మీద అతని పెట్టె తెరిచి ఉంది. లుంగీలు, సకినాల డబ్బా, పిల్లల ఫోటో ఒక పక్కకు జరిపి, మాత్రల స్ట్రిప్పులు మాత్రం తెల్లకాగితం మీద వరసగా పేర్చారు. అతను చెప్పింది అరబ్బీలో రాసుకున్నారు. హిందీ అనువాదకుణ్ణి పిలిపించారు కూడా. కానీ మేస్త్రీకి వచ్చిన హిందీ సిమెంటు, ఇసుక, కూలి లెక్కల వరకే. అనువాదకుడు గబగబా చదివి, సమఝ్ గయే అని అడిగాడు. మేస్త్రీ తల ఊపాడు. అర్థం కాలేదంటే ఆఫీసరు విసుక్కుంటాడేమోనని ఊపాడు. సంతకం చోట వేలు పెట్టి చూపించారు, చేశాడు. ఆ కాగితంలో మాత్రలు తనవేనని ఉంది. ఆ తల ఊపడం వెనక్కి తీసుకోవడానికి లాయరుకు నెలలు పట్టింది.

ఇది బాగా గుర్తుపెట్టుకో. అరబ్బీ రానివాడిని విచారించేటప్పుడు అనువాదకుడు ఉండాలని ఆ దేశపు చట్టమే చెబుతుంది. నాకు అర్థం కాలేదు, తెలుగు మనిషిని పిలవండి, మా కాన్సులేట్‌కు చెప్పండి అని అడగడం అక్కడ తప్పు కాదు. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టవద్దు. పోలీస్ స్టేషన్‌లోనైనా, ఆఫీసులోనైనా, బ్యాంకులోనైనా ఇదే మాట. నీకు ఇంగ్లిష్ వచ్చు కాబట్టి కొంత నయం. మన కార్మికుల గతి అది కాదు. ఎమిరేట్స్ కార్మిక శాఖ 2016 నుంచి ఉద్యోగ ఒప్పందాలు కార్మికుడి భాషలో కూడా ఇవ్వాలని నియమం పెట్టి, 11 భాషలు ఎంచింది. అందులో హిందీ, తమిళం, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. ఇన్ని లక్షలమంది మనవాళ్ళు అక్కడ చెమటోడ్చినా మన భాషకు ఆ జాబితాలో చోటు అడిగినవాళ్ళు లేకపోయారే అని నాకు ఇప్పటికీ బాధ.

సిరిసిల్ల జిల్లా మనుషుల సంగతి నువ్వు పేపర్లో చదివే ఉంటావు. నేపాల్ వాచ్‌మన్ ఒకరు చనిపోయిన కేసులో శిక్షపడి, 18 ఏళ్ళు దుబాయి జైల్లో ఉండి 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం ఇప్పించడానికి కేటీఆర్ స్వయంగా నేపాల్ దాకా పోయి వచ్చారు. ఆ కుటుంబం క్షమించాక కూడా జైలు తలుపు తెరుచుకోవడానికి ఏళ్ళు పట్టింది. దియా, అంటే ఆ పరిహారం, కడితే వదిలేస్తారని మన దగ్గర తేలిగ్గా మాట్లాడుకుంటారు. బాధిత కుటుంబం క్షమించడం ఒక మెట్టు మాత్రమే. మిగతాదంతా ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది.

ఫోన్ గురించి. వాట్సాప్‌లో ఒకరిని తిట్టినా అక్కడ కేసే. 2021 సైబర్ చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో అవమానిస్తే జైలుతో పాటు, లేదా దాని బదులు, రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దిర్హాముల జరిమానా పడొచ్చు. అనుమతి లేకుండా ఒకరి ఫోటో తీసి పెడితే కనీసం ఆరు నెలల జైలు గాని, లక్షన్నర దిర్హాములకు తగ్గని జరిమానా గాని, రెండూ గాని. మెట్రోలో, మాల్‌లో రీల్స్ చేసేటప్పుడు వెనక ఎవరున్నారో చూసుకో. మతాల మీద వచ్చే ఫార్వర్డ్‌లను వచ్చినవి వచ్చినట్టే చెరిపెయ్. 2020 ఏప్రిల్‌లో కరోనా పేరుతో మతద్వేషపు పోస్టులు పెట్టిన కొందరు భారతీయుల ఉద్యోగాలు ఊడాయి. వివక్ష చట్టబద్ధ పాలనకు విరుద్ధమని అప్పటి మన రాయబారి పవన్ కపూర్ బహిరంగంగా గుర్తు చేయాల్సి వచ్చింది. ఊళ్ళో కుటుంబ గ్రూపులో పెద్దవాళ్ళు పంపారు కదా అని ముందుకు నెట్టావో, దాని బరువు నీ మీద పడుతుంది. వాట్సాప్ కాల్ అక్కడ పోదు. రూమ్‌మేట్లు వీపీఎన్ వేసుకోమంటారు, వేసుకోకు. బోటిమ్‌లో మాట్లాడుకుందాం.

ఒక్క విషయం మాత్రం రాయడానికి కష్టంగా ఉంది. క్యాంపులో ఎవరైనా చనిపోతే మనవాళ్ళు రాత్రికి రాత్రి చందాలు పోగేస్తారు. గది గదికీ తిరిగి పది, ఇరవై దిర్హాములు అడుగుతారు. మనిషితనం అంటే అదే. కానీ లైసెన్సు ఉన్న ధార్మిక సంస్థలు తప్ప వేరెవరూ విరాళాలు వసూలు చేయకూడదని అక్కడి చట్టం. గ్రూపులో అకౌంట్ నంబరు పెట్టి సాయం చేయండి అన్నా నేరం కిందికి వస్తుంది. శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి. దిక్కులేనివాళ్ళ కోసం మన కాన్సులేట్ దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఆ దారిలో సాయం చెయ్. ఆ దారి కొంచెం ఆలస్యం, నాకు తెలుసు. అయినా అదే సరైన దారి.

నీ ఎమిరేట్స్ ఐడీ మీద ఎవరికీ సిమ్ తీసివ్వకు. నీ బ్యాంకు ఖాతాలో ఎవరి డబ్బూ వేయించుకోకు. అప్పుకు జామీను నిలబడకు. అక్కడ ఇంటి కిరాయికి రాబోయే తేదీలు వేసిన చెక్కులు అడుగుతారు. ఒకప్పుడు చెక్కు బౌన్సయితే జైలే. 2022 జనవరి నుంచి, ఖాతాలో డబ్బు లేనంత మాత్రాన క్రిమినల్ కేసు కాదు. కానీ అవతలివాడు ఆ చెక్కు పట్టుకుని నేరుగా వసూలు కోసం కోర్టుకు పోవచ్చు, నువ్వు దేశం దాటకుండా ట్రావెల్ బ్యాన్ అడగొచ్చు. ఆ బ్యాన్ ఉన్న సంగతి చాలామందికి ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర గాని తెలియదు.

ఇదంతా చదివి ఆ దేశమంటే భయపడకు. ఆ చట్టాలన్నీ న్యాయమని నేను అనను. కోపంలో అన్న మాటకు లక్షల జరిమానా ఎక్కువే అనిపిస్తుంది నాకు. కానీ అదే గట్టితనం నీ వైపు కూడా పనిచేస్తుంది. రాత్రి పదకొండుకు మెట్రో దిగి ఒంటరిగా నడిచి ఇంటికి పోగలుగుతావు. జీతం 2009లో వచ్చిన వేతన రక్షణ విధానం కింద బ్యాంకు ద్వారా పడాలి. పాస్‌పోర్ట్ మా దగ్గర ఉంచండి అని హెచ్‌ఆర్ అడిగితే ఇవ్వనక్కర లేదు, కంపెనీ దాన్ని పట్టుకోవడం కార్మిక చట్టానికే విరుద్ధం. వీసా ఖర్చు నీ జీతంలో కోయకూడదు. లక్ష దిర్హాముల లోపు జీతం కేసుకు కోర్టు ఫీజు కూడా లేదు. ఖల్లివెల్లి అయిన మనవాళ్ళను ఎందరినో చూశాను. జీతం రాకపోతే ఫిర్యాదు చేయడానికి భయపడి, కంపెనీ వదిలి పారిపోయి, కాగితాలు లేకుండా దాక్కుని బతికారు. చట్టం తమ పక్షాన ఉన్నప్పుడు కూడా దాని దగ్గరికి పోలేదు. వీసా ఇచ్చిన కఫీల్ ముందు నోరు విప్పలేకపోవడమూ మొహమాటంలోదే.

నువ్వు విజిట్ వీసా మీద మాత్రం విమానం ఎక్కకు. అక్కడికి పోయాక మారుస్తామంటే ఒప్పుకోకు. విజిట్ మీద ఒక్క రోజు పనిచేసినా నేరమే, గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు మీద పడతాయి. ఉద్యోగపు ఎంట్రీ పర్మిట్ చేతికొచ్చాకే టికెట్.

దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342. ఫోన్‌లో వేసుకోవడమే కాదు, నోటికి కూడా రావాలి. పోలీసులు ముందు తీసుకునేది ఫోనే.

ఆఫర్ లెటర్ కాపీ ఈ వారంలోనే నాకు పంపు. మొత్తం జీతం ఎంతో మీ అమ్మ చెప్పింది గాని, అందులో బేసిక్ ఎంత రాశారో నేను చూడాలి. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్క కడతారు. తక్కువ రాసి ఉంటే సంతకం పెట్టకముందే అడుగు.

ఇట్లు,
మీ మామయ్య