ఘాటు వాయువులు – మన ముక్కు కాపలా

మిర్యాలగూడ రైస్ మిల్లుల నుండి, కోదాడ వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుండి వచ్చేవారు ఎక్కువగా దుమ్ము గురించి అడుగుతారు. వాయువుల గురించి అడిగేవారు తక్కువ. దుమ్ము బట్టలమీద కనపడుతుంది, వాయువు కనపడదు. అందుచేత ఈసారి దాని సంగతి తెలుసుకుందాము.

ముక్కు లోపలి పొర ఎప్పుడూ తడిగా ఉంటుంది. దానిమీద కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. దీనిని సీలియా అంటారు. ఈ నూగు సెకనుకు సుమారు 10 సార్లు ఊగుతూ, పైనున్న చీమిడిని నిమిషానికి దాదాపు 5 మిల్లీమీటర్ల చొప్పున గొంతువైపు నెట్టుతుంది. దుమ్ము, క్రిములు ఆ చీమిడికి అంటుకొని కడుపులోకి పోతాయి. చీమిడి అంటే అసహ్యపడతాము గాని, అది లేనిదే ఊపిరితిత్తులకు రక్షణ లేదు.

ఐస్ ఫ్యాక్టరీలలో, కోల్డ్ స్టోరేజీలలో వాడే అమ్మోనియా, బొగ్గు కాలినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ నీటిలో తేలికగా కరుగుతాయి. అవి ముక్కు తడిలోనే కరిగిపోతాయి. వెంటనే మంట, తుమ్ములు, కంట నీరు. బాధగా ఉన్నా అది హెచ్చరిక. అయితే బస్తాలు మోసే హమాలీ ఆయాసంతో నోటితో గాలి పీల్చినప్పుడు ఈ కాపలా ఉండదు. వాయువు నేరుగా లోపలికి పోతుంది.

ముక్కు కూడా నష్టపోతుంది. నూగు ఊగడం మందగిస్తుంది, ఘాటు ఎక్కువైతే ఆగిపోతుంది. పొర వాస్తుంది. చీమిడి కదలక నిలిచిపోయి క్రిములకు చోటు దొరుకుతుంది. బీడీ, సిగరెట్ పొగ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే రోజూ కొంచెం కొంచెంగా.

అన్ని వాయువులనూ ముక్కు ఆపలేదు. మూసిన గదిలో వెల్డింగ్ చేస్తే పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్ నీటిలో అంతగా కరగదు. ముక్కు పెద్దగా మండదు, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. సెప్టిక్ ట్యాంకులోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మోసకారి. అది ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడమే మానేస్తుంది. వాసన పోయింది గదా అని దిగినవారు పైకి రాలేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరిన్ ఆవిరి వెలువడింది. ఆ దుర్ఘటనలో 12 మంది మరణించారు. స్టైరిన్ ఆవిరి గాలికన్నా బరువైనది, నేలను అంటుకొని పాకుతుంది. జనం నిద్రలో ఉన్న సమయమది.

మన ఇండ్లలో ఇంకా దగ్గరి ప్రమాదం ఉంది. బాత్‌రూమ్ తెల్లగా రావాలని బ్లీచింగ్ పౌడర్ చల్లి, దానిమీద యాసిడ్ పోస్తారు. రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది. 1915లో యుద్ధంలో సైనికుల మీద వదిలింది ఈ వాయువునే! తలుపు మూసుకొని కడిగే అమ్మలూ, ఈ రెండింటినీ ఎన్నడూ కలుపవద్దు.

ఘాటు పీల్చినవారిని వెంటనే బయటి గాలికి తీసుకొనిరండి. బట్టలు వదులు చేయండి, కండ్లు మంచినీటితో కడగండి. మంట తగ్గాక పావు లీటరు కాచి చల్లార్చిన నీటిలో అర టీ చెంచాకు కొంచెం తక్కువ ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవచ్చు. ముక్కులో నూనె వేయకండి, ముఖ్యంగా పసిబిడ్డలకు. అది ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా తెస్తుంది. దగ్గు, ఆయాసం, గొంతు బొంగురు ఉంటే, లేదా బాగానే ఉండి కొన్ని గంటలకు ఆయాసం మొదలైతే, తెల్లవారేదాకా ఆగకుండా రాత్రి అయినా ఆసుపత్రికి రండి. ఏ వాయువు పీల్చారో తెలిస్తే డాక్టరుకు చెప్పండి. డబ్బా ఉంటే దాని పేరు రాసుకొని తెండి.